బొబ్బిలి మంట నిజాం ఇంట్లో అంటుకుంది

నాచారంలో రామకృష్ణా స్టూడియో కట్టిన ఎన్టీఆర్ బొబ్బిలి రాజు రంగారాయుడిగా వేసిన ‘బొబ్బిలి యుద్ధం’ టీవీలో వస్తే ఉప్పల్ ఇళ్లలో ఇప్పటికీ రిమోట్ పక్కన పెట్టేవాళ్లున్నారు. ఆ యుద్ధంలో తప్పెవరిదంటే ఫ్రెంచి సేనాని బుస్సీదనో, విజయనగరం రాజు విజయరామరాజుదనో అంటారు. నిజాం అన్నదమ్ముల ఊసే ఎత్తరు.

1748లో మొదటి నిజాం పోయాడు. రెండో కొడుకు నాసిర్ జంగ్ గద్దెక్కితే, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ అది నాదన్నాడు. మామ వెనక ఇంగ్లీషువాళ్లు, మేనల్లుడి వెనక ఫ్రెంచివాళ్లు. 1750 డిసెంబరులో జింజీ దగ్గర ఏనుగు మీదున్న నాసిర్ జంగ్‌ను సొంత దండులోని కడప నవాబే కాల్చి చంపాడు. రెండు నెలలకే రాయచోటి దాపున లక్కిరెడ్డిపల్లె వద్ద నవాబులతో తలపడి ముజఫర్ జంగ్ కూలాడు. అతని కొడుకు పసివాడు. అదే దండులో కాపలా మధ్య ఉన్న నాసిర్ జంగ్ తమ్ముడు సలాబత్ జంగ్‌ను బుస్సీ బయటికి తెచ్చి, ఇదిగో నిజాం అన్నాడు. ఖైదులోంచి నేరుగా గద్దె మీదికి! ఢిల్లీ నుంచి పెద్దకొడుకు ఘాజీయుద్దీన్ మరాఠాల అండతో దిగితే, 1752లో ఔరంగాబాదులో విషప్రయోగానికి బలయ్యాడు.

గద్దె ఎక్కించిన సైన్యానికి జీతాలివ్వాలి కదా. 1753లో ముస్తఫానగరం, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు ఫ్రెంచివాళ్ల చేతికెళ్లాయి. ఆ శిస్తు కోసం వచ్చిన బుస్సీయే 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు నిలిచాడు.

ఒకే గద్దెకు ఇద్దరు పోటీపడటం జపాన్‌లోనూ జరిగింది: 1336 నుంచి 1392 దాకా క్యోటోలో ఒక చక్రవర్తి, యొషినోలో ఇంకొకరు. నెత్తురు అక్కడా పారింది. కానీ గెలవడానికి ఏ పక్షమూ పరదేశి కంపెనీకి జిల్లాలు రాసివ్వలేదు. నా లెక్కలో అది చిన్న తేడా కాదు.

ఈ అన్నదమ్ముల పోరులో చివరికి గెలిచింది సలాబత్ తమ్ముడు నిజాం అలీ. నాచారం పక్కనే మౌలాలి గుట్ట కింద సమాధిలో ఉన్న కవయిత్రి మహ్ లఖా బాయిని ఆదరించిన దర్బారు ఆయనదే. ఆ తహజీబును తెగ మెచ్చుకుంటాం. 1762లో అన్న సలాబత్‌ను బీదరు కోటలో పెట్టించిందీ ఆయనే. మరుసటేడు అన్న అక్కడే పోయాడు.

1766లో నిజాం అలీ, ఫ్రెంచివాళ్లు పోగొట్టుకున్న ఆ సర్కార్లను ఇంగ్లీషు కంపెనీకి ఒప్పగించాడు. రాజమండ్రి, ఉప్పల్ మళ్లీ ఒకే రాష్ట్రంలోకి రావడానికి 1956 దాకా పట్టింది. ఈలోగా రాజమండ్రి రైతు కలెక్టరు కచేరీ చుట్టూ, ఉప్పల్ రైతు నిజాం కచేరీ చుట్టూ తిరిగారు. ఒకచోట దొరల భాష ఇంగ్లీషు, ఇంకోచోట ముందు ఫార్సీ, తర్వాత ఉర్దూ. ఇద్దరూ అర్జీ రాసిపెట్టేవాడికి డబ్బులిచ్చుకోవాల్సిందే.