తాతయ్య ఫోటోకి రంగులు వద్దు, మంచి ప్రింటు చాలు



ఆ మధ్య నాలుగో తరగతి పిల్లలకు 'మై ఫ్యామిలీ' ప్రాజెక్ట్ ఇచ్చాను. తాతయ్య, నాన్నమ్మల ఫోటో అతికించి, వాళ్ల గురించి ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలు రాయాలి. చార్టులు అందంగా వచ్చాయి. ఫోటోలు చూస్తేనే బాధేసింది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు కొన్ని ఆకుపచ్చగా, కొన్ని గులాబీగా ప్రింటయ్యాయి. కొన్నింటికి యాప్‌తో రంగులు వేసి, ముఖంలో ముడతలు కూడా తీసేశారు. ఒక పాపను "తాతయ్య ఇలాగే ఉంటారా?" అని అడిగాను. "ఇలా ఉండరు టీచర్" అంది. ఇక ఆ ఫోటో చూసి ఏం రాస్తుంది? "మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ గుడ్" అని రాసి ఊరుకుంది.

యాప్ వేసే రంగు ఊహ మాత్రమే. నాన్నమ్మ కట్టిన చీర ఏ రంగుదో దానికి తెలియదు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీసిన ఫోటోలను వందేళ్లు దాటినా రంగుల్లేకుండానే చూస్తున్నాం, ఏ లోటూ కనిపించదు. మన పెద్దవాళ్ల ఫోటోలకూ అంతే.

మరి ప్రింటులో ఆ ఆకుపచ్చ ఎక్కడిది? ఇళ్లలో ఉండే ఇంక్‌జెట్ ప్రింటర్లలో సాధారణంగా నలుపు, నీలం, గులాబీ, పసుపు ఇంకులే ఉంటాయి. బూడిద రంగును మిగతా రంగులు కలిపి తయారుచేస్తాయి. పాళ్లు కాస్త తప్పినా ఏదో ఒక రంగు పైకి తేలుతుంది. ఫోటోల కోసమే చేసిన ఖరీదైన ప్రింటర్లలో బూడిద ఇంకులు విడిగా ఉంటాయి. అవి లేకపోయినా ఈ జాగ్రత్తలు తీసుకోండి:

• ఫోటోను ఫోన్‌తో తీయకుండా 600 డీపీఐలో స్కాన్ చేయండి. 2×3 అంగుళాల ఫోటో అయితే 4×6 సైజులో స్పష్టంగా వస్తుంది.
• వాట్సాప్‌లో పంపాల్సి వస్తే 'డాక్యుమెంట్'గా పంపండి. ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది.
• జిరాక్స్ కాగితం వద్దు, ఫోటో పేపర్ వాడండి. ప్రింట్ సెట్టింగ్స్‌లో అదే పేపర్ పేరు, 'హై' క్వాలిటీ ఎంచుకోండి.
• 'గ్రేస్కేల్' పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి చిన్న ముక్కల మీద తీసి, పగటి వెలుగులో పోల్చి చూడండి.
• ప్రింటును ఒక రోజు ఆరనిచ్చాకే ఫ్రేము కట్టించండి. ఎండ తగిలే గోడకు తగిలించకండి.

ప్రింటర్ కొనమని చెప్పడం లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్టూడియోకి వెళ్లి, "రంగులు వద్దు, ముఖం మార్చొద్దు" అని చెప్పినా చాలు. ఫీజులు, పుస్తకాల ఖర్చుల మధ్య ఇదొకటా అనిపించవచ్చు. కానీ పాత ఫోటో మనం తీరిక చేసుకునేదాకా ఆగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన జిల్లాలో ఇళ్లు ఎలా తడిశాయో మీకు గుర్తుండే ఉంటుంది.

నా తప్పూ ఒకటి చెప్పాలి. కొత్తమ్మతల్లి జాతరనాడు తీయించుకున్న ఫోటో ఒక్కటే మా అమ్మమ్మకు ఉండేది. పాడవకూడదని నేనే లామినేషన్ చేయించాను. వేడికి సరిగ్గా ముఖం దగ్గరే బుడగలు లేచాయి. ఇక దాన్ని విడదీయలేం. ముందే స్కాన్ చేయించి ఉంటే ఈ రోజు మా ఇంటి గోడ మీద అమ్మమ్మ ఉండేది. దయచేసి అసలు ఫోటోకు లామినేషన్ చేయించకండి. కాగితపు కవరులో పెట్టి, తేమ తగలని చోట దాచండి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి ఒక మంచి ప్రింటు తీసుకురండి. చార్టు మీద మార్చి అతికిద్దాం. దీనికి మార్కులు లేవు. తాతయ్య భుజం మీది తువ్వాలు, నాన్నమ్మ ముక్కుపుడక స్పష్టంగా కనిపిస్తే, పిల్లలు ఆ ఐదు వాక్యాలూ వాళ్లంతట వాళ్లే రాస్తారు.

— మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్, కోటబొమ్మాళి