పులి చారలు - నక్క వాతలు

మానవుడు తన చుట్టూ ఉన్న జీవరాశితో తృప్తి పొందక, లేని జీవులను కూడ కల్పించుకొన్నాడు. ఏ దేశపు వాఙ్మయాన్ని తిరగవేసినా ఈ సత్యం కనిపిస్తుంది. చీనావారి డ్రాగన్, పారశీకుల సీముర్గ్, మన దేవాలయ స్తంభాల మీది యాళి, ఇవన్నీ ఆ కల్పనాశక్తికి కలిగిన సంతానమే. నేడు ఆ శక్తి శిలనూ, కాగితాన్నీ దాటి కంప్యూటరు తెరమీదికి వచ్చింది. 1996లో జపాను దేశపు బందాయ్ సంస్థ టమగోచీ అనే చిన్న ఆటవస్తువును విడుదల చేసిన నాటినుండి, ప్రాణం లేని పెంపుడు జంతువుకు వేళకు మేత పెట్టి సాకడం పిల్లలకు వినోదమైనది. తరువాతి ఆటలలో సాకడంతో పాటు జత కలపడం, పిల్లలను పొందడం, వంశవృక్షాన్ని నిలుపుకొనడం కూడ చేరినవి. 2013లో ప్రారంభమైన ఫ్లైట్ రైజింగ్ అనే ఆటలో పెంచవలసిన ప్రాణి డ్రాగనే. తల్లిదండ్రుల రంగులను బట్టి పిల్లల రంగులు నిర్ణయమవుతాయి. పులిచారలనిచ్చే 'టైగర్' అనే జన్యువు కూడ అందులో ఉన్నది.

ఇట్టి విషయం కళాశాల సంచికకు తగునా అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. గత సంవత్సరం వరకు నేను కూడ తగదనియే చెప్పియుందును. ఒకనాడు పద్యపాఠం జరుగుచుండగా, వెనుక బల్లమీద ఒక విద్యార్థిని నోటు పుస్తకంలో బొమ్మ వేయడం చూచాను. పుస్తకం తీసుకొన్నాను. అందులో చారలున్న రెక్కల జంతువొకటి ఉన్నది. "ఏమిటమ్మా ఇది?" అని అడిగితే, "డ్రాగన్లను పెంచే ఆట కోసం సార్, పులి పోలికతో కొత్త ఉపజాతిని తయారు చేస్తున్నాను" అన్నది. "పద్యం కంటె ఈ బల్లి ఎక్కువైనదా?" అని అందరి ఎదుట అన్నాను. తరగతి అంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆ తరువాత చాలా రోజులు నా తరగతిలో నోరు విప్పలేదు.

పుస్తకాన్ని తిరిగి ఇచ్చేముందు రాత్రి కూర్చుని చదివాను. బొమ్మల ప్రక్కన ప్రశ్నలు వ్రాసుకొన్నది. ఈ డ్రాగన్ ఏమి తింటుంది? ఎక్కడ నివసిస్తుంది? చారలు పొలుసు మీదనా, చర్మం మీదనా? ఎగిరే జంతువుకు చారలెందుకు? పద్యానికి నేనిచ్చిన ప్రశ్నలలో ఇంత పదునైనది ఒకటైనా ఉన్నదా అని నన్ను నేను ప్రశ్నించుకొన్నాను. ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేనిచ్చుకొంటున్న సంజాయిషీ.

నా అభిప్రాయం ఇది: లేని జీవిని కల్పించడం పనిలేనివారి పని కాదు, కాని ఆ కల్పనకు ఒక ధర్మమున్నది. ఉన్న జీవిని శ్రద్ధగా చదివినవాడే లేని జీవిని నిలబెట్టగలడు. చదువక చారలు మాత్రమే పూసినవాని పని "పులిని చూచి నక్క వాతలు పెట్టుకొన్నట్లు" అగును.

పూర్వులు ఈ ధర్మాన్ని పాటించారు. చీనాదేశంలో హాన్ వంశకాలపు వాంగ్ ఫూ పేరిట చెప్పబడే వర్ణనలో డ్రాగన్‌కు జింక కొమ్ములు, ఒంటె తల, ఎద్దు చెవులు, కార్ప్ చేప పొలుసులు, గరుడపక్షి గోళ్లు, పులి పంజాలు ఉన్నవి. అంటే డ్రాగన్‌లో పులి మొదటినుండియు ఉన్నదన్నమాట! మన పొరుగున ఒడియా మహాభారతం రచించిన సారళాదాసు కల్పించిన నవగుంజర రూపంలో తొమ్మిది ప్రాణుల అంగాలు కలసియున్నవి. అందులో ఒక పాదం పులిది. 13వ శతాబ్దంలో జకరియా అల్ కజ్వీనీ రచించిన 'అజాయిబుల్ మఖ్లూఖాత్' అనే గ్రంథంలో నిజజీవులూ, వింతజీవులూ ప్రక్కప్రక్కనే దర్శనమిస్తాయి. సృష్టిని చూచి ఆశ్చర్యపడడమే ఆ గ్రంథానికి మూలసూత్రం. ప్రాణుల బొమ్మలు వేయడం గురించి మన పెద్దలలో భిన్నాభిప్రాయాలున్నవి. ఆ చర్చ ధర్మవేత్తలకు చెందినది. చదువుకొన్న కన్నుతో చూచుటలో మాత్రం దోషం లేదని నా విశ్వాసం.

ఇక పులిని చదువుదాము. పులికి చార అలంకారం కాదు, జీవనోపాధి. పులి వెంటబడి తరిమే జంతువు కాదు. పొంచియుండి, దగ్గరకు వచ్చిన పిమ్మట దూకే జంతువు. గడ్డిలోను, చెట్లనీడలోను వెలుగుచీకట్ల గీతల నడుమ ఆ చారలు దాని ఆకారాన్ని ముక్కలు చేసి దాచివేస్తాయి. మనకు కాషాయంగా మెరిసే ఒళ్లు జింక కంటికి అట్లు కనిపించదు. ఎరుపును, ఆకుపచ్చను వేరు చేయలేని ఆ కంటికి పులి, పచ్చిక దాదాపు ఒకే రంగు. చారలు వెండ్రుకలపై మాత్రమే గాక చర్మంపై కూడ ఉంటాయి. ఏ రెండు పులుల చారలూ ఒక తీరున ఉండవు. ఒకే పులికి కుడి ప్రక్క చారలు ఎడమ ప్రక్కకు సరిపోవు. అడవిలో అమర్చిన కెమెరాల చిత్రాలనుండి పులులను ఒక్కొక్కటిగా గుర్తించి లెక్కించడం ఇందువల్లనే సాధ్యమవుతున్నది. ఇట్టి చారలు ఎట్లు పుడతాయో గణితంతో వివరింపవచ్చునని ఇంగ్లండు గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ 1952లోనే ఒక వ్యాసంలో సూచించాడు. రెండు రసాయనాలు వేర్వేరు వేగాలతో వ్యాపించి, పరస్పరం చర్య జరుపుకొంటే మచ్చలో, చారలో వాటంతటవే ఏర్పడగలవని ఆయన చూపాడు. బొమ్మ వేసే విద్యార్థికి ఇంతకంటె మంచి గణితపాఠం దొరకునా?

చార ఆకాశానికి పనికిరాదు. అది అడవి సొత్తు. కనుక పులి డ్రాగన్ మబ్బులలో విహరించేది కాక, చెట్లనీడన మసలేది కావలెను. ఇక్కడ బరువు ప్రశ్న కూడ వచ్చును. శరీరం పొడవు రెండింతలైతే రెక్క వైశాల్యం నాలుగింతలే అగును, బరువు ఎనిమిదింతలగును. ఎదిగిన మగ పెద్దపులి సుమారు 200 కిలోలు తూగుతుంది. అంత బరువుతో ఎగిరిందని శాస్త్రజ్ఞులు అంచనా వేసే క్వెట్జల్‌కోట్లస్ అనే ప్రాచీన సరీసృపానికి రెక్కల విస్తీర్ణం సుమారు 10 మీటర్లు. అట్టి రెక్కలతో నల్లమల అడవిలో ప్రవేశిస్తే మొదటి చెట్టుకే చిక్కుకొనును.

పరిష్కారం మన దేశంలోనే ఉన్నది. పడమటి కనుమలలో ఎగిరే బల్లి నివసిస్తున్నది. దాని శాస్త్రీయ నామం డ్రాకో. లాటిన్ భాషలో డ్రాగన్ అనియే అర్థం. దానికి ప్రత్యేకమైన రెక్కలు లేవు. ప్రక్కటెముకలు బయటికి చాచుకొని, వాటి మీది చర్మాన్ని గొడుగువలె పరచి, చెట్టునుండి చెట్టుకు జారుతుంది. నాలుగు కాళ్లూ నాలుగు కాళ్లుగానే ఉంటాయి. పులి డ్రాగన్‌ను మేక అంత చేసి, ప్రక్కటెముకల మీద చారల చర్మాన్ని పరచితే, ముడిచినప్పుడు చారలు దాచగలవు, విప్పినప్పుడు బెదరించగలవు. పులి చెవుల వెనుక ఉండే తెల్లని మచ్చలను కూడ మరువరాదు. తరగతిలో బల్లి అని ఎగతాళి చేసిన నేను చివరకు బల్లి దగ్గరకే చేరుకొన్నాను!

ఉపజాతి అనే మాటను కూడ తేలికగా వాడరాదు. రంగు మార్చినంత మాత్రాన ఉపజాతి ఏర్పడదు. దానికొక దేశం, ఒక ఎడబాటు, దీర్ఘమైన కాలం కావలెను. మంచుదేశపు అమూర్ పులికి దట్టమైన బొచ్చు, లేతరంగు. సుమత్రా దీవి పులికి చిన్న ఒళ్లు, దగ్గర దగ్గర చారలు. శాస్త్రజ్ఞులకే ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. 2017లో ఒక నిపుణుల బృందం పులి ఉపజాతులు రెండేనని ప్రతిపాదించగా, 2018లో జన్యుపరిశోధకులు ఆరని చెప్పారు. బాలీ, జావా, కాస్పియన్ ప్రాంతాల పులులు మాత్రం 20వ శతాబ్దంలో నశించినవి. ఒక ఉపజాతిని కాగితంపై కల్పించే విద్యార్థి, మూడింటిని మనం భూమిపైనుండి తుడిచివేశామని తెలిసికొనవలెను.

ఇక జత కలపడం. ఈ ఆటలలో నాకు భయం కలిగించేది ఇదే. అరుదైన రంగు దొరికితే విలువ పెరుగుతుంది. విలువ కోసం తరతరాలుగా జత కలుపుతారు. నిజజీవితంలో ఈ ఆశ ఎక్కడికి దారితీసిందో రీవా సంస్థాన చరిత్ర చెప్పును. 1951లో అక్కడి మహారాజు మార్తాండసింగ్ ఒక తెల్లపులి పిల్లను పట్టించి మోహన్ అని పేరు పెట్టాడు. మామూలు రంగు ఆడపులితో జత కలిపితే తెల్లపిల్లలు పుట్టలేదు. పిమ్మట మోహన్‌ను దాని కూతురు రాధతోనే జత కలపగా 1958లో తెల్లపిల్లలు పుట్టినవి. ఆ పద్ధతే తరువాత కొనసాగింది. జంతుప్రదర్శనశాలల తెల్లపులులలో మెల్లకన్ను మొదలైన దోషాలు కనిపించినవి. ప్రేక్షకులు తెలుపును చూచి చప్పట్లు కొట్టారు. ఆ కంటిలోని బాధను చూచినవారు కొందరే. ఒడిశాలోని సిమిలిపాల్ అడవిలో చారలు వెడల్పై కలసిపోయి నల్లగా కనిపించే పులులున్నవి. ఒక జన్యువులోని మార్పే దీనికి కారణమని 2021లో పరిశోధకులు ప్రకటించారు. కొద్దిపాటి పులులు ఇతరులతో సంబంధం తెగి ఒకే అడవిలో మిగిలినందువల్ల ఆ మార్పు అక్కడ అంతగా వ్యాపించింది. చూపరులకు వింత అయినది పులికి ఒంటరితనపు గుర్తు.

ఫ్లైట్ రైజింగ్ ఆటలో దగ్గరి రక్తసంబంధం ఉన్న డ్రాగన్లను జత కలపడానికి వీలులేదు. రీవాలో మనుషులు పాటించని నియమాన్ని ఒక ఆట పాటించింది! ఆట నీతి నేర్పదనే మన వాదన ఇక్కడ వీగిపోయినది. మన విద్యార్థులు కల్పించే పులి డ్రాగన్‌కు కూడ తెలుపు, నలుపు వన్నెలు ఉండవచ్చును. కాని ఆ వన్నెకు చెల్లించవలసిన మూల్యం కూడ అందులో చూపవలెను.

ఆ అమ్మాయికి పుస్తకం తిరిగి ఇస్తూ, "పులిని ఎక్కడ చూచావమ్మా?" అని అడిగాను. "అడవిలో చూడలేదు సార్. మా ఊళ్లో పీర్ల పండుగకు పులివేషం వేస్తారు. పసుపు పూసి, దానిమీద నల్లచారలు దిద్దుతుంటే మా తాత ప్రక్కన కూర్చుని చూచేదాన్ని" అన్నది. నేనుకూడ అట్లే చూచినవాడినే, మరచిపోయాను. మొహర్రంలో మతభేదం లేకుండ ఊరంతా వెంట నడిచే ఆ పులివేషం కూడ మనిషి ఒంటిమీద కల్పించిన పులియే కదా! ఆ వేషధారికి చారలు దిద్దితే చాలదు. నడక రావలెను, చూపు రావలెను. నడక రానివానిని ఊరు పులి అనదు.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. వార్షికోత్సవ బహుమతులలో వ్యాసరచనకు, వక్తృత్వానికి ఉన్న స్థానంలో కొంత ఊహాజీవి చిత్రణకు కూడ కల్పించవలెను. బొమ్మతో పాటు ఆ జీవి నివాసం, ఆహారం, సంతానక్రమం రెండు పుటలలో తెలుగులో గాని, ఉర్దూలో గాని వ్రాయాలని నిబంధన పెట్టవలెను. జంతుశాస్త్ర అధ్యాపకుడొకరు, భాషాధ్యాపకుడొకరు కలసి పరిశీలిస్తే చాలును. ఖర్చు స్వల్పం. తరగతిలో నవ్వులపాలైన నోటు పుస్తకాలు ఇంకా ఎన్ని ఉన్నవో అప్పుడు తెలియును.

విద్యార్థి మిత్రులారా, కల్పించండి, కాని పాఠం జరిగే వేళ కాదు! కల్పించేముందు చూడండి, చూచేముందు తెలిసికొనండి. నల్లమలలో పెద్దపులి ఉన్నంతకాలమే తెరమీద పులి డ్రాగన్‌కు అర్థముంటుంది. అసలు పోయిన తరువాత మిగిలేవి వాతలే.