ఇందులో బొమ్మేదీ అని అడిగాను

మా తోడికోడలు తాడేపల్లిగూడెంలో ఉంటుంది. పిల్లలిద్దరూ చదువులకని వెళ్ళిపోయాక వెనక వరండాలో ఓ స్టాండు పెట్టుకుని పెయింటింగ్ మొదలెట్టింది. మొదట్లో కలువలు, కొంగలు వేసేది. అందరం తెగ మెచ్చుకున్నాం. ఒకటి మా ఏలూరు ఇంట్లో టీవీ పైన ఇప్పటికీ ఉంది. రెండేళ్ళుగా కొంగలు మానేసింది. కాన్వాసు నిండా బూడిదరంగు పట్టీలు, వాటిని కోసుకుంటూ ఒక ఎర్ర గీత, అంతే. చూసి నేనే అడిగాను, "బాగుంది గానీ, ఇందులో బొమ్మేదే?" అని. నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు ఇలాంటివే వేసే మరో ముగ్గురు ఆడవాళ్ళు కలిసి హాలు తీసుకుని ప్రదర్శన పెడుతున్నారు, తననీ రమ్మన్నారు. ఇంట్లో మాత్రం "నాలుగు గూడబాతులు పెట్టకూడదూ, కొనేవాళ్ళుంటారు" అన్నారట. పంపనా మాననా అక్కా అని ఫోన్ చేసింది. ఆ ఎర్ర గీత ఏమిటో అప్పుడు చెప్పింది. అది ఐదో కాంటూరు.

తన పుట్టిల్లు కొల్లేటి లంక గ్రామం. అక్కడివాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు బతకాలంటే అది తప్పదన్నవాళ్ళున్నారు, మా బతుకు పోయిందన్నవాళ్ళున్నారు. ఆ తగువు ఇక్కడ నేను తీర్చలేను. నేను చెప్పేది వేరు. ఆ గీతని నేలమీద కళ్ళారా చూసినవాళ్ళు ఎవరూ లేరు. అది సముద్ర మట్టానికి ఇన్ని అడుగుల ఎత్తు అనే లెక్క, కాగితం మీద గీసిన వంకర గీత. దాని మీద పెళ్ళిళ్ళు ఆగాయి, అప్పులు తేలాయి. గీతకి అర్థం ఏముంటుందని కొల్లేటి మనిషిని అడగడమేమిటి, నా మొహం.

అబ్‌స్ట్రాక్ట్ అనగానే మనకెందుకో బెరుకు. రోజూ ముగ్గేసే వాళ్ళకి ఇదేం కొత్త అని కొందరంటారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. ముగ్గులో చుక్కల లెక్క ఉంది. పదిహేను చుక్కలు ఎనిమిది వచ్చేదాకా అంటే తప్పయిందో లేదో పక్కింటి పిన్నిగారు చెప్పేస్తారు. ఈ కాన్వాసుకి ఆ లెక్క లేదు. ఎక్కడ ఆపాలో వేసేమనిషే తేల్చుకోవాలి. మనకి అలవాటు లేనిది అదే. ఎవరినీ అడక్కుండా ఇక్కడికి చాలు అనుకోవడం.

నస్రీన్ మొహమ్మదీ 1937లో కరాచీలో పుట్టింది. 1972 నుంచి బరోడా యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది. కాగితం మీద పెన్సిలు, ఇంకు, స్కేలు, ఇంజనీర్ల పరికరాలతో సన్నటి గీతలు గీసింది. నరాల జబ్బు వచ్చి చేతులు మాట వినకపోయినా గీత మాత్రం చెదరలేదు. 1990లో పోయింది. 2016లో న్యూయార్కులో మెట్ బ్రాయర్ మ్యూజియం తలుపులు తెరిచినప్పుడు తొలి ప్రదర్శనల్లో ఒకటి ఆవిడదే. ఆడవాళ్ళ పెయింటింగుల దగ్గర కోమలం, సుకుమారం, భావోద్వేగం అని రాసి అంటిస్తుంటారే, వాళ్ళకి ఆవిడ గీతలు చూపించాలి. స్కేలు పట్టుకున్న చెయ్యి అది.

అదే ఏడాది అలీగఢ్‌లో పుట్టిన జరీనా హష్మి నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. అక్క తనకి రాసి కూడా పోస్టు చెయ్యని ఉత్తరాలు జరీనా చేతికొచ్చాయి. అమ్మానాన్నల చావు, ఇల్లు అమ్మేయడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ ఉర్దూ అక్షరాల మీద ఇళ్ళ ప్లాన్లు, పటాలు నల్లటి గీతలతో అచ్చువేసింది. 2004లో. మనుషుల బొమ్మ ఒక్కటి కూడా లేదు. పుట్టిల్లు అమ్మేసినవాళ్ళకి ఆ గీతలు అర్థం కావంటే నేను నమ్మను.

ఆడవాళ్ళకి విడిగా ప్రదర్శనలెందుకు, బొమ్మకి ఆడా మగా ఏమిటి అని మా మరిది అడిగాడు. ప్రశ్న మంచిదే. స్వీడన్‌లో హిల్మా ఆఫ్ క్లింట్ అనే ఆవిడ 1906లోనే ఇలాంటివి వేసింది. ఆ కళకి ఆద్యులని పుస్తకాల్లో చెప్పే మగవాళ్ళకంటే ముందే. నేను పోయాక ఇరవై ఏళ్ళదాకా చూపించొద్దంది. 1944లో పోయింది. అవన్నీ పెట్టెల్లో మేనల్లుడి అటకెక్కాయి. జనం చూసింది 1986లో. 2021లో పారిస్‌లో వందమంది ఆడవాళ్ళని ఒకచోట చేర్చి చూపించారంటే అటకలు దులుపుతున్నారన్నమాట. దులపడం అయ్యాక విడిగా పెట్టక్కర్లేదు, ఆ మాటకి నేనూ ఒప్పుకుంటాను. మా మరిది ఇంట్లో మాత్రం ఇంకా అవలేదు. ఆ ఎర్ర గీత కాన్వాసు నేను చూసినప్పుడు స్టోర్‌రూములో బియ్యం డబ్బా వెనక గోడవైపు తిప్పి ఉంది.

మనింట్లో ఆడమనిషి గంటసేపు కుట్టు పని చేస్తే జాకెట్టు వస్తుంది, వడియాలు పెడితే కూరలోకి వస్తాయి. గీతలు గీస్తే ఏమొస్తుందో చెప్పాలి. బొమ్మేదీ అన్న నా ప్రశ్నలో ఉన్నది అదే. గంటకి లెక్క అడిగాను. మావారు ఆదివారమంతా క్రికెట్ చూస్తే ఇందులో ఏముందండీ అని ఏనాడూ అడగలేదు.

పంపమన్నాను. గూడబాతులు పెట్టొద్దన్నాను. నిన్న మళ్ళీ ఫోను. కింద అంటించే చీటీలో పేరు రాయాలట, ఏం పేరు పెట్టమంటావక్కా అంది. నస్రీన్ చాలావాటికి పేరే పెట్టలేదు, నువ్వూ మానెయ్యమన్నాను. ఆవిడ సంతకం కూడా చేసేది కాదట కదా, నేనూ కాన్వాసు వెనక చిన్నగా పెట్టేశానంది. అది మాత్రం కుదరదు, ముందువైపు పెట్టు, కనపడేట్టు పెట్టు అన్నాను. పుట్టింటి పేరుతోనా అత్తింటి పేరుతోనా అని అడిగింది. నాకూ తోచలేదు. శనివారం దాకా టైముంది.