దురద తగ్గితే తామర తగ్గినట్టు కాదు రైతన్నా

అన్నలారా, ఈ పొద్దు వాన గురించి రాయడం లేదు, శనక్కాయ రేటు గురించి రాయడం లేదు. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోని రోగం గురించి రాస్తాండా. గజ్జల్లో, నడుం చుట్టూ, కాలివేళ్ల సందుల్లో వచ్చే తామర.

మా చిన్నాయనకు పదేండ్లుగా షుగరు. మొలతాడు కింద రూపాయి బిళ్లంత తామర లేసింది. కదిరికి పోయినప్పుడల్లా మందుల షాపులో ఒక ట్యూబు తెచ్చి పూసేవాడు. రెండు రోజులకే దురద మాయం. పూయడం ఆపితే అంతకు రెండింతలు. అట్ల పూసి పూసి వీపంతా పాకింది. వేళ్ల సందు పగిలి, చీము పట్టి, కాలు వాచి ఆసుపత్రి పాలైనాడు. కాలు దక్కింది, అదే పదివేలు.

ఆ ట్యూబులో ఉండేది స్టెరాయిడ్. అది బూజును చంపదు, దురదను అణుస్తుంది, అంతే. తిక్కాకు తెగులుకు యూరియా చల్లినట్టు! 2018లోనే కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. అయినా అమ్ముతాండారు. షాపోళ్లను ఒక్కరినే తిట్టి ఏం లాభం? చీటీ అడిగే షాపు వదిలి, అడగని షాపుకు పోయేది మనమే కదా! ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ అని ఉందేమో పిల్లోళ్లతో చదివించండి.

"మురికోళ్లకే వస్తాది" అనే మాట కూడా మానండి. షుగరు ఎక్కువుంటే బూజుకు బలం, మన ఒంటికి బలహీనం. తామర మళ్లీ మళ్లీ వస్తాంటే ముందు షుగరు చూపించుకోండి.

చర్మం డాక్టరు పొట్టు గీకి, చుక్క మందేసి మైక్రోస్కోపులో చూస్తాడు. అది బూజో, గజ్జో, వేరే రోగమో తేలుతుంది. మీరు మింగే షుగరు మాత్రల పేర్లు ఆయనకు తప్పకుండా చెప్పండి. గ్లిమిపిరైడ్‌కు ఫ్లూకొనజోల్ తోడైతే షుగరు మరీ పడిపోవచ్చు. పైకి తగ్గిందని మధ్యలో ఆపొద్దు, ఆయన చెప్పినన్నాళ్లు వాడాల్సిందే. తువ్వాలు ఎవరిది వారికే. మొలతాడు తీసేయండి. గుడ్డలు తిరగేసి ఎండలో వేయండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి చూపించుకోండి.

చేనుకు తెగులొస్తే ఆకు తెంపుకొని పోయి చూపిస్తాం. మన కాలికొస్తే మాత్రం చూపించుకోమా? దానికి ఇచ్చే విలువ కూడా మన ఒంటికి ఇయ్యమా?