దారిలో దిగిన నాలుగు రోజులు

కొత్తకోటను ఆనుకొని పోయే రోడ్డుకు ఒక కొస శ్రీనగర్‌లో ఉంటే, ఇంకో కొస కన్యాకుమారిలో ఉంది. జనం నోట్లో ఇప్పటికీ అది ‘ఏడో నంబరు రోడ్డే’. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చాక 44వ నంబరైంది. పొడవు 3,700 కిలోమీటర్లకు పైమాటే. జమ్మూ, పఠాన్‌కోట్, అంబాలా, ఢిల్లీ, ఝాన్సీ, నాగపూర్, హైదరాబాద్ దాటుకుని వచ్చి, కొత్తకోట, పెబ్బేరు మీదుగా కృష్ణా నది దాటి, కర్నూలు, బెంగళూరు వైపు సాగిపోతుంది.

హైదరాబాద్ బస్సు కోసం నిలబడేవాళ్లకు అది మామూలు రోడ్డే. కొడుకు మిల్ట్రీలో ఉన్న తల్లికి మాత్రం ఆ రోడ్డు మీద ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది. ఉత్తరాన సరిహద్దు నుంచి దక్షిణాన ఏ కంటోన్మెంటుకు బదిలీ అయినా తన ఇల్లు దారిలోనే ఉందని ఆమెకు తెలుసు. దారిలో ఉన్న ఇంటికి రాకుండా ఎట్లా పోతాడన్నది ఆమె ప్రశ్న. ఎన్ని రోజులు ఆగొచ్చన్నది కొడుకు లెక్క. ఈ రెంటి మధ్య దొరికేవే ఆ నాలుగు రోజులు.

పోస్టింగ్ వేరు, యూనిట్ కదలడం వేరు

సైన్యంలో బదిలీలు రెండు రకాలు. ఒక్కడికే పోస్టింగ్ రావడం ఒకటి. మొత్తం యూనిట్ ఒకచోటు నుంచి ఇంకోచోటుకు కదలడం రెండోది. పదాతిదళం బెటాలియన్లు రెండు మూడేళ్లు ‘ఫీల్డ్’లో, తర్వాత రెండు మూడేళ్లు ‘పీస్’లో ఉంటాయి. ఫీల్డ్ అంటే సరిహద్దు, కుటుంబం వెంట ఉండే వీలు లేని చోటు. పీస్ అంటే కంటోన్మెంట్, క్వార్టర్స్, పిల్లలకు బడి.

యూనిట్ అంతా కదిలితే జవాన్లు, ఆయుధాలు, వంట సామాను అన్నీ మిలిటరీ స్పెషల్ రైల్లో వెళ్తాయి. ఆ రైలు ఎప్పుడు ఎక్కడ ఆగేదీ బయటికి చెప్పరు. రైలు వనపర్తి రోడ్ స్టేషన్ మీదుగా పోయినా, తన ఊరి పొలాలు కిటికీలోంచి కనబడినా దిగడానికి లేదు. సెలవు దొరికాకే ఇల్లు చూడాలి.

ఒక్కడికే పోస్టింగ్ వస్తే కాస్త వెసులుబాటు ఉంటుంది. చేతికి మూవ్‌మెంట్ ఆర్డర్ ఇస్తారు. పాత యూనిట్ ఎప్పుడు వదలాలి, కొత్త యూనిట్‌లో ఎప్పుడు రిపోర్ట్ చేయాలి అన్నది అందులో ఉంటుంది. ప్రయాణానికి, సామాను సర్దుకోవడానికి జాయినింగ్ టైమ్ అని కొన్ని రోజులు కలుస్తాయి. సివిల్ కేంద్ర ఉద్యోగులకైతే 1979 నాటి నిబంధనల ప్రకారం ఊరు మారాల్సి వస్తే వెయ్యి కిలోమీటర్ల లోపు దూరానికి 10 రోజులు, వెయ్యి దాటితే 12, రెండు వేలు దాటితే 15 రోజులు. సైన్యానికి తన ఉత్తర్వులు తనకున్నాయి. ఎన్ని రోజులు దొరికినా కుటుంబంతో కదిలేవాళ్లకు అవి చాలవు. వాటికి కాస్త సెలవు కలుపుకొని ఇంటికి చేరేవాళ్లే ఎక్కువ.

లెక్క చూస్తే...

జమ్మూ దగ్గరి యూనిట్ నుంచి బెంగళూరులోని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌కు పోస్టింగ్ వచ్చిన ఒక హవల్దారు కుటుంబాన్ని ఊహించుకోండి. ఇల్లు కొత్తకోట పక్క పల్లె. భార్య తల్లిగారిల్లు గద్వాల దిక్కు. ఇద్దరు పిల్లలు. నంబరు, పేరు, యూనిట్ తెల్ల పెయింటుతో రాసిన నల్ల ట్రంకు పెట్టెలు నాలుగు.

జమ్మూ నుంచి ఢిల్లీకి ఒక రాత్రి. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 1,670 కిలోమీటర్లు, ఒక పగలు, ఒక రాత్రి. అక్కడి నుంచి కొత్తకోటకు ఇంకో 140 కిలోమీటర్ల దాకా బస్సు. మధ్యలో రైలు కోసం ఎదురుచూపులు, ఆలస్యాలు. ఇల్లు చేరేసరికి మూడు నాలుగు రోజులు ఖర్చు. ముందున్న బెంగళూరు ప్రయాణానికి ఒక రోజు. కొత్త చోట క్వార్టర్ దొరకడానికి, పిల్లల బడికి ఒకటి రెండు రోజులు ముందే చేరాలి. అన్నీ తీసేస్తే మిగిలేవి నాలుగైదు రోజులు.

ఆ నాలుగు రోజుల మీద ఎంతమందికి హక్కుందో చూడండి. తల్లికి కొడుకును కడుపునిండా చూసుకోవాలి. తండ్రికి బోరు మోటారు సంగతి, గట్టు తగాదా, బ్యాంకు కాగితం అన్నీ కొడుకు ముందర పెట్టాలి. కోడలిని తల్లిగారింటికి పిలిచి వడిబియ్యం పోయాలని అక్కడివాళ్లకు ఉంటుంది. చిన్నోడి పుట్టు వెంట్రుకలు కురుమూర్తి స్వామికి మొక్కుకున్నవి రెండేళ్లుగా అట్లే ఉన్నాయి. జాతర కార్తీకంలో వస్తుంది, పోస్టింగ్ ఎండాకాలంలో వచ్చింది. మేనత్త ఊర్లోనే ఉంది, ఆమె ఇంట్లో తినకపోతే ఏడాదంతా మాట పడాలి. దోస్తులు సాయంత్రమే వాకిట్లో నిలబడతారు.

అందరూ అనేది ఒకటే మాట: “మా ఇంట్ల ఒక్క పూటనే కదా!”

ఒక్కో పూట చొప్పున పంచుకుంటూ పోతే, చివరికి తల్లికి మిగిలేది బస్సెక్కించే పూట.

‘దాదీ’ ఎవరు?

ఈ నాలుగు రోజుల్లో పెద్దల కంటే ఎక్కువ కంగారు పడేది పిల్లలు. వాళ్లు పుట్టింది ఒక ఆసుపత్రిలో, మాటలు నేర్చింది ఇంకో కంటోన్మెంటులో, అక్షరాలు దిద్దింది మూడో ఊళ్లో. ఆటలో హిందీ, బడిలో ఇంగ్లిషు, ఇంట్లో అమ్మ కోప్పడినప్పుడు తెలుగు.

“దాదీ, పానీ దో” అంటాడు మనవడు. నానమ్మ కోడలి వైపు చూస్తుంది. “ఏమంటుండే వీడు? నా బాస వీనికి రాదు, వీని బాస నాకు రాదు” అని నవ్వుతుంది. ఆ నవ్వు వెనకాల చిన్న ముల్లు కోడలికి గుచ్చుకుంటుంది. తప్పు కోడలిది కాదు. చుట్టూ ఉన్న నాలుగు క్వార్టర్లలో ఒకరిది బిహార్, ఒకరిది పంజాబ్, ఒకరిది కేరళ అయినప్పుడు, పిల్లలు కలిసి ఆడుకునే భాషే వాళ్ల భాష అవుతుంది.

ఈ పిల్లలను దృష్టిలో పెట్టుకొనే కేంద్రం 1963లో సెంట్రల్ స్కూళ్లు మొదలుపెట్టింది. ఇప్పటి కేంద్రీయ విద్యాలయాలు అవే. ఏడాది మధ్యలో బదిలీ అయినా, ఒక కేంద్రీయ విద్యాలయం నుంచి ఇంకోదానికి టీసీ మీద చేరే వీలుంది. కొత్తగా చేరేవాళ్లకు సైతం గత ఏడేళ్లలో తండ్రికో తల్లికో ఎన్ని బదిలీలు అయ్యాయన్నది లెక్కలోకి వస్తుంది. చదువు ఆగకుండా బడి చూసుకుంటుంది. నానమ్మ బాస నేర్పే బడి మాత్రం నానమ్మ ఇల్లొక్కటే. దానికి సెలవులు ఎక్కువ, పని దినాలు తక్కువ.

ఆ పని దినాల్లో ఏం నేర్పాలని పెద్ద ఆలోచన అక్కర్లేదు. రాత్రి పిల్లలను నానమ్మ పక్కన పండబెడితే చాలు. ఆరుబయట మంచం మీద ఆమె చెప్పే కథ సగం అర్థం కాకపోయినా, గొంతు గుర్తుంటుంది. పొద్దున జొన్నరొట్టె కాలుస్తుంటే పక్కన కూర్చున్న పిల్లకు ‘పెనం’, ‘పిండి’, ‘కాలింది’, ‘తిను’ అన్న మాటలు ఎవరూ నేర్పకుండానే వస్తాయి. తాత వెంట చేనుకాడికి పోయి పల్లి చెట్టు పీకి చూసిన పిల్లవాడు, కాయలు భూమిలో కాస్తాయని బెంగళూరు బడిలో పదిమందికి చెప్తాడు.

పాలమూరుకు కొత్త కాదు

ఇల్లు విడిచి దూరం పోవడం ఈ ప్రాంతానికి కొత్త సంగతేమీ కాదు. పాలమూరు లేబర్ చెయ్యి పడని ప్రాజెక్టు దేశంలో తక్కువ. డ్యాములకు, కాలువలకు, రోడ్లకు ముంబయి దాకా పోయిన కుటుంబాలు ఇక్కడ ఊరూరా ఉన్నాయి. ముసలివాళ్లను ఇంటికాడ ఉంచి, పండుగకు వస్తామని చెప్పి పోవడం, పండుగ దాకా వాకిలి చూస్తూ ఉండడం ఇక్కడి తల్లులకు తరాలుగా తెలుసు.

వలస పోయినవాళ్ల రాకకు పండుగ ఒక గడువు. ఫౌజీకి దసరా రోజున డ్యూటీ ఉండొచ్చు, సంక్రాంతికి సెలవు రద్దు కావచ్చు. ఆయన ఎప్పుడొస్తే అప్పుడే ఇంట్లో పండుగ. నడి ఎండాకాలంలో సకినాలు, గరిజెలు చేసిన ఇల్లు కనబడితే, ఆ ఇంటి కొడుకు పోస్టింగ్ మీద వచ్చాడని పొరుగువాళ్లు ఇట్టే చెప్పేస్తారు.

ఒకప్పుడు కబురు అందడమే కష్టం. జవానుకు రాసే ఇన్లాండ్ లెటర్ మీద ఊరి పేరు ఉండేది కాదు. నంబరు, పేరు, యూనిట్, కింద ‘కేరాఫ్ 56 ఏపీఓ’. కొడుకు ఏ కొండ మీద ఉన్నాడో తెలియకుండానే తల్లి ఉత్తరం వేయించేది. ఇప్పుడు సిగ్నల్ దొరికితే వీడియోలో ముఖమే కనబడుతుంది. అయినా ఫోన్‌లో తల్లి “మంచిగున్న కొడుకా” అంటుంది తప్ప మోకాళ్లు పట్టేసిన సంగతి చెప్పదు. గడప దాటడానికి ఆమె గోడ పట్టుకోవడం ఇంటికొచ్చినవాడికే కనబడుతుంది.

వచ్చేసారి అనుకుంటే

“ఈసారి తీరలేదు, వచ్చేసారి తప్పకుండా” అన్న మాట మామూలు ఉద్యోగి అంటే పెద్ద ఇబ్బంది లేదు. సైనికుడి ఇంట్లో ఆ మాట బరువు వేరు.

సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమల్ల సంతోష్‌బాబును తెలుగువాళ్లు మరిచిపోలేదు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి సైన్యంలో చేరి, 16 బిహార్ రెజిమెంట్‌కు కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఆయనతోపాటు మొత్తం 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. భార్యాపిల్లలు అప్పటికి ఢిల్లీలో ఉన్నారు. తల్లిదండ్రులు సూర్యాపేటలో ఉన్నారు. హైదరాబాద్‌కు బదిలీపై రావాల్సి ఉండగా ఆ ఏడాది పరిస్థితుల్లో ఆలస్యమైందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆ బదిలీ ప్రయాణం జరగలేదు. దేశం ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించింది. ఆ ఇంటికి అందిన గౌరవం పెద్దదే. ఆ ఇల్లు ఎదురుచూసింది మాత్రం మనిషి కోసం.

అనుకున్నది అటువైపు నుంచే తప్పిపోవాలని లేదు. ఇటు నుంచీ తప్పిపోతుంది. ఫీల్డ్‌లో ఉండగా తండ్రి పోయిన కబురు అంది, రెండు రైళ్లు మారి, మూడో రోజు ఇంటికి చేరే జవాన్లు ఎందరో. అప్పటికి వాకిట్లో టెంటు కూడా విప్పేసి ఉంటారు.

ఆ నాలుగు రోజులు ఎట్లా?

ముందుగా, రోజులను ఇంటివాళ్లంతా కలిసి ముందే పంచుకుంటే మనస్తాపాలు సగం తగ్గుతాయి. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర గద్వాల రోడ్డు చీలుతుంది కాబట్టి, ఆ హవల్దారు భార్య తల్లిగారిల్లు కూడా బెంగళూరు దారి పక్కనే. మొదటి మూడు రోజులు ఇక్కడ ఉండి, నాలుగో రోజు సామానుతో సహా అక్కడ దిగి, వడిబియ్యం పోయించుకొని, అటునుంచి అటే బండెక్కితే రెండిళ్లకూ న్యాయం జరుగుతుంది. వెనక్కీ ముందుకూ తిరిగే పని తప్పుతుంది.

మొదటి రోజు ఎవరింటికీ పోకుండా ఉండడం మంచిది. మూడు రాత్రుల ప్రయాణం చేసి పాలమూరు ఎండలోకి వచ్చిన పిల్లలు ఒక్క రోజైనా కుదురుకోవాలి. మేనత్తనూ దోస్తులనూ ఒక సాయంత్రం ఇంటికే పిలిస్తే, అందరినీ చూసినట్టూ ఉంటుంది, తల్లి పక్కన ఉన్నట్టూ ఉంటుంది.

ఒక పూట తల్లిదండ్రుల ఆరోగ్యానికి పెట్టాలి. ఆధారపడిన తల్లిదండ్రులుగా యూనిట్ రికార్డుల్లో పేర్లు ఎక్కి, కార్డు ఉంటే మిలిటరీ ఆసుపత్రిలో వైద్యం అందుతుంది. సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఆ ఆసుపత్రి ఉంది. కార్డు ఎక్కడుందో, పాతబడిందో, అసలు తీసుకున్నారో లేదో చూసుకోవాల్సింది ఈ నాలుగు రోజుల్లోనే. కొడుకు మిల్ట్రీలో ఉండి కూడా తల్లి మోకాళ్ల నొప్పికి ఊళ్లో అప్పు చేసి మందులు కొనడం చాలా ఇళ్లలో జరిగేదే.

పెద్దలూ ఒక మాట పట్టించుకోవాలి. ఏడాది తగాదాలన్నీ మొదటి రాత్రే కొడుకు ముందర కుప్ప పోస్తే, ఆయన మనసు ఇంట్లో ఉండదు. కొత్త యూనిట్‌కు ఆ బరువే మోసుకుపోతాడు. ఆయన వల్ల తీరేది ఏదో అదొక్కటే చెప్పాలి. గట్టు తగాదా ఎన్నేళ్లుగానో ఉంది, ఇంకో ఆరు నెలలుంటే మునిగేదేం లేదు.

పోయే రోజు ఎట్లాగూ వస్తుంది. ట్రంకు పెట్టెలో ఖాళీ లేకపోయినా మామిడికాయ తొక్కు సీసా, పల్లీల మూట, కొల్లాపూర్ మామిళ్లు నాలుగు ఎక్కడో ఒకచోట ఇరుకుతాయి. ఆ తొక్కు ఆరు నెలలకు అయిపోతుంది. నాలుగు రాత్రులు నానమ్మ పక్కన పండుకున్న పిల్లవాడు మాత్రం, వచ్చే ఆదివారం ఫోన్‌లో ఎవరూ చెప్పకుండానే “నానమ్మా, తిన్నవా?” అని అడుగుతాడు. ఆమెకు ఆ మాట మళ్లీ పోస్టింగ్ వచ్చేదాకా సరిపోతుంది.