ఇల్లుబండిలో చల్లగాలి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గాని, ఇంటికి చక్రాలు వేసి చూడమని పెద్దలెవరూ అన్నట్టు లేదు. ఆ ముచ్చటా నాకు తీరింది.

2023 జూలైలో మా అబ్బాయి అమెరికాలో ఒక ఆర్వీని అద్దెకు తెచ్చాడు. పడకలు, పొయ్యి, స్నానాలగది, నెత్తిమీద ఏసీ, అన్నీ ఉన్న బండి. మా ఆవిడ దానికి ఇల్లుబండి అని పేరు పెట్టింది. గ్రాండ్ కాన్యన్ చూడబోతూ ఫీనిక్సు పొలిమేరలో ఒక రాత్రి మకాం చేశాం. ఆ వేసవిలో ఆ ఊళ్లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారన్‌హీటుకు తగ్గలేదు. మన లెక్కలో 43 పైచిలుకు. బెజవాడ వాణ్ణి, నాకేమిటి అనుకున్నాను.

మకాంలో బండికొక కరెంటు స్తంభం. లావుపాటి తీగ తగిలించగానే ఏసీ గుర్రుమంది. ఏడాది మనవరాలు హాయిగా నిద్రపోయింది. మా ఆవిడ అన్నం కుక్కరు పెట్టింది. నేను స్నానానికని వేన్నీళ్ల మీట నొక్కాను. కాసేపటికి టప్పుమని ఏసీ ఆగిపోయింది. దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

"దీపాలు బ్యాటరీమీద వెలుగుతున్నాయి గదరా, ఏసీ కూడా దానిమీదే నడపరాదూ?" అన్నాను.

"దీపాలు ఎంత తాగుతాయి నాన్నా! ఏసీకి 1,500 వాట్లు కావాలి. ఈ బ్యాటరీ 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు. సీసం బ్యాటరీని సగానికి మించి పిండకూడదు. పాతిక నిమిషాలు కూడా రాదు. పైగా ఇందులో ఇన్వర్టరు లేదు."

స్తంభం ఇచ్చేది 120 వోల్టుల మీద 30 ఆంపియర్లు, అంటే 3,600 వాట్లు. ఏసీ 1,500, వేన్నీళ్లు 1,400, కుక్కరు 700. అక్కడికే సరి. ఫ్రిజ్జు ఉండనే ఉంది. తప్పు నాదేనని లెక్క తేల్చింది.

మీట ఎత్తితే సరిపోవాలి గదా? మావాడు మీటరు చూసి ఆగిపోయాడు. 120 ఉండవలసిన చోట 103 ఉంది. మకాంలో అందరూ ఏసీలు వేశారు మరి. లో వోల్టేజి మన సొత్తే అనుకున్నాను ఇన్నాళ్లూ! ఎద్దులబండిని కదిలించడానికి పట్టే బలం నడపడానికి అక్కరలేదు. ఏసీ కంప్రెసరూ అంతే. మొదలయ్యే క్షణంలో నాలుగైదు రెట్లు లాగుతుంది. వోల్టేజి చాలకపోతే కదలలేక వేడెక్కి, చివరికి కాలిపోతుంది.

బండి లోపల పెనంలా ఉంది. పిల్ల ముఖం కందిపోయింది. కోడలు దాన్నెత్తుకుని మకాం ఆఫీసు గదికి పరుగెత్తింది. అక్కడ చల్లగానే ఉంది గాని పదింటికి మూసేస్తారు.

బండి కడుపులో 4,000 వాట్ల జనరేటరు ఉంది. "అదెందుకు దండగ, వేయరా" అని కసిరాను. వాడు వినలేదు. రాత్రిపూట వేయకూడదన్నది మకాం నియమం. అంతకంటే, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. పక్కబండి కిటికీ మా పొగగొట్టానికి నాలుగడుగుల దూరం. అందులో ఇద్దరు పిల్లలు పడుకుని ఉన్నారు. నేను నోరు మూసుకున్నాను.

తొమ్మిదిన్నరకు మీటరు 109 చూపింది. అన్ని మీటలూ తీసి, ఏసీ ఒక్కటే వేశాడు. ఒక్క మూలుగు మూలిగి, తిరిగింది. అరగంటకు పిల్లను తెచ్చి పడుకోబెట్టాం.

ఆ వేన్నీళ్ల తొట్టి గ్యాసుమీద కూడా పనిచేస్తుందని అప్పుడు చెప్పాడు మావాడు. అదీ అక్కరలేకపోయింది. ఆ ఊళ్లో ఆ రాత్రి చన్నీళ్ల కొళాయి తిప్పినా వేన్నీళ్లే వచ్చాయి.