హలాలే... మరి తయ్యిబ్?

సాయంత్రం మగ్రిబ్ అజాన్‌కి కాస్త ముందు మా చిన్నోణ్ని తీసుకురావడానికి గ్రౌండుకి వెళ్తుంటాను. ఖమ్మం ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. రెండు గంటలు పరుగెత్తిన పిల్లలు చెమటతో తడిసి గేటు దగ్గరికి వస్తారు. అక్కడ వాళ్లకోసం ఏముంటుంది? ఫ్రిజ్ నిండా రంగురంగుల కూల్‌డ్రింకులు, దండల్లా వేలాడే చిప్స్ ప్యాకెట్లు, నల్లబడ్డ నూనెలో వేగుతున్న మిర్చి బజ్జీలు. మంచినీళ్ల కుళాయి మాత్రం లేదు.

మొన్న మావాడు ఒక సీసా పట్టుకొని, "అబ్బా, ఇది హలాలే కదా?" అన్నాడు. "హలాలే బేటా" అన్నాను. అన్నాక నాకే షర్మ్ అనిపించింది. వాడు సగం సవాలే అడిగాడు, నేనూ సగం జవాబే ఇచ్చాను.

మా ఉర్దూ మీడియం స్కూల్లో ఉస్తాద్ చెప్పేవారు, హలాల్ పక్కనే తయ్యిబ్ అనే లఫ్జ్ కూడా ఉందని. తయ్యిబ్ అంటే శుభ్రమైనది, ఒంటికి మేలు చేసేది. గోష్త్ కొనేటప్పుడు మొదటిది తప్పకుండా అడుగుతాం. రెండోది పిల్లల తిండి దగ్గర ఎంతమందిమి అడుగుతున్నాం?

హిసాబ్ చూద్దాం. కోలా రకం డ్రింకు 250 మిల్లీలీటర్లలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. కలుపుకునే చక్కెర రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే సేహత్‌కి మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెబుతున్న మాట. అంటే ఒక్క చిన్న సీసాతో బిడ్డ రోజు కోటా ఖతం. పొద్దున చాయ్, బిస్కెట్లు ఇంకా లెక్కలోకే రాలేదు.

'ఎనర్జీ' అనీ, 'ఓఆర్ఎస్' అనీ రాసుకున్న డబ్బాలతో మరో ధోకా. అసలు ఓఆర్ఎస్ విరేచనాలప్పుడు ఇచ్చే దవా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం అందులో లీటరు నీళ్లకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. అదే పేరుతో అంతకు ఎన్నో రెట్లు తీపి పానీయాలు అమ్ముకున్నారు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని హుకుం జారీ చేసింది. మామూలు ఆట ఆడిన బిడ్డకు కావాల్సింది నీళ్లు, కాస్త తిండి. అంతే.

స్కూళ్లకైతే కానూన్ ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని స్కూలు లోపలే కాదు, గేటు నుంచి 50 మీటర్ల దాకా అమ్మొద్దని 2020లోనే ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం చేసింది. దేనిలో ఎంత చక్కెర ఉందో చూపే 'షుగర్ బోర్డులు' పెట్టమని 2025 మేలో సీబీఎస్ఈ తన స్కూళ్లకు చెప్పింది. మంచిదే. కానీ నాలుగున్నరకి స్కూలు వదిలిన అదే బిడ్డ ఐదింటికి గ్రౌండుకొస్తాడు. అక్కడ ఏ 50 మీటర్ల గీతా లేదు. ఒళ్లు బాగుపడాలని పంపిన చోటే ఒళ్లు పాడుచేసే సామాను ఎదురొస్తుంది.

కెనడాలో ఆల్బర్టా రాష్ట్రం 2008లోనే స్కూళ్లతో పాటు ఆటల కేంద్రాలకూ తిండి మార్గదర్శకాలు రాసింది. అమ్మే తిండిని మూడు వరుసలు చేసింది: తరచూ తినేవి, అప్పుడప్పుడు తినేవి, బాగా తక్కువగా తినేవి. బలవంతం లేదు, సలహానే. మనకూ అలాంటి ఒక కాగితం కావాలి. ఆ మొదటి వరుస నింపడానికి మన జిల్లాల్లో కొరతేం లేదు. ఉడికించిన గుడ్లు, గుగ్గిళ్లు, పల్లీలు, అరటిపండ్లు, రాగి జావ, మజ్జిగ, ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు. భద్రాచలంలో ఒకప్పుడు కూలికెళ్లిన ఆదివాసీ ఆడవాళ్లు ఇప్పుడు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు చేస్తున్నారు. 2025 జూన్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో వాళ్ల ప్రస్తావన వచ్చింది. దుమ్ముగూడెం, చర్ల వైపు రిపోర్టింగ్‌కి వెళ్లినప్పుడు చూస్తుంటాను, బస్సు సరిగ్గా రాని ఊళ్లకు కూడా చిప్స్ ప్యాకెట్ చేరిపోయింది. మరి భద్రాచలం బిస్కెట్ మన గ్రౌండు గేటుకి ఎందుకు చేరదు?

"బండి మీద బతికేవాళ్ల రోజీ సంగతేంటి?" అని మీరు అడుగుతారు. అడగాల్సిందే. ఆ బండ్లలో చాలా మటుకు మనవాళ్లవే. మా మామూ సోడా బండితోనే ముగ్గురు పిల్లల్ని చదివించారు. బండి తీసేయమని నేననను. మామూ ఒక మాట అనేవారు, "పిల్లలు కంటికి ఎదురుగా, చల్లగా ఉన్నదే కొంటార్రా." అయితే ఫ్రిజ్ పై వరుసలో మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు పెట్టండి, కోలా కింది వరుసకి పోనివ్వండి. మున్సిపాలిటీ క్యాంటీన్ వేలం వేసేటప్పుడు కనీసం సగం సామాను మంచి తిండే ఉండాలని షరతు రాయాలి. ప్రతి మైదానంలో ముఫ్త్‌గా మంచినీళ్లు, గోడ మీద షుగర్ బోర్డు ఉండాలి. ఖమ్మంలో సర్దార్ పటేల్ స్టేడియం నుంచే మొదలుపెట్టొచ్చు.

అయితే సర్కారు మీదే భారం వేసి కూర్చుంటే మన జిమ్మేదారి తీరదు. మొహల్లాల్లో మన నౌజవాన్లు పెట్టే క్రికెట్ టోర్నమెంట్లకు చందాలు ఇచ్చేది మనమే. అక్కడ కూల్‌డ్రింకు కేసులు దింపేదీ మనమే. వచ్చే టోర్నమెంట్‌కి నా చందా డబ్బుగా ఇవ్వనని మా గల్లీ పిల్లలకు చెప్పేశాను. రెండు కుండల నిమ్మకాయ నీళ్లు, ఐదు డజన్ల అరటిపండ్లు నా తరఫున. గుడ్లు ఉడికించే పని మా బేగం ఒప్పుకుంది. పల్లీలు ఎవరైనా తెస్తారా?